గోదాట్లో నీలం ఎక్కడుందండీ: ఘాట్ మెట్ల మీద పదకొండు నెలల బొమ్మల లెక్క

ముందు లెక్క చెప్పేస్తా. జులైలో మొదలుపెట్టా, ఇప్పుడు మే. మొత్తం 61 కాగితాలు అయ్యాయి, అందులో దాచుకున్నవి 9, ఎవరికైనా ధైర్యంగా చూపించగలిగేవి 3. అన్నీ రాజమండ్రిలోనే, ఎక్కువ పుష్కరఘాట్ చుట్టుపక్కల, కొన్ని కోటిలింగాల ఘాట్ దగ్గర. అన్నీ వాటర్ కలరే, అన్నీ అక్కడే కూర్చుని వేసినవే. ఫోటో తీసుకొచ్చి ఇంట్లో పూర్తి చేసినవి లెక్కలో పెట్టలేదు.

అంతకుముందు రెండేళ్ళు ఇంట్లో వీడియోలు చూసి వేసేదాన్ని. మంచు కొండలు, వాటి కింద సరస్సు, ఒడ్డున పైన్ చెట్లు. నేను పైన్ చెట్టు దగ్గర నుంచి చూసింది లేదు, అయినా వంద వేసుంటా. అందుకని మొదటిసారి ఘాట్ కి వెళ్ళినప్పుడు ఏమైందంటే, చెయ్యి దానంతట అదే అల్ట్రామెరైన్ ట్యూబు మూత తీసేసింది. నది కదా, నీలం. జులై మూడో వారం, ఎర్రనీళ్ళు దిగి నది ఇటు నుంచి అటు దాకా ఇటుక రంగులో పోతుంటే దాని ముందు కూర్చుని నేను నీలం పూస్తున్నా! పక్కన పడవ కట్టుకుంటున్న ఆయన కాసేపు చూసి, "ఏవండీ మేడంగారూ, నీలం ఎక్కడుందండీ గోదాట్లో" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. నాకు జవాబు దొరకలేదు.

ఈ పదకొండు నెలలూ నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది, కాబట్టి నీళ్ళ గురించే ఎక్కువ రాస్తా, చెట్లు ఇంకా రావట్లేదు, కొబ్బరి చెట్టు వేస్తే చీపురు వస్తోంది.

మొదట్లో సామాను. సినిమాల్లో చూసినట్టు స్టాండు కొన్నా, కెమెరా ట్రైపాడ్ కి పలక బిగించి. రెండో ఆదివారమే గాలికి మెట్ల మీద పడి పలకా పేలెట్టూ దొర్లుకుంటూ పోయి నీళ్ళ అంచున ఆగాయి. ఇప్పుడు స్నానాలగదిలో వాడే చిన్న ప్లాస్టిక్ పీట, ఒళ్ళో అట్ట, దానికి కాగితం నాలుగు వైపులా క్లిప్పులు, అంతే. పెద్ద షీటు కొని ఏ5 సైజు ముక్కలు కోసుకుంటా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని, కాగితం మందం లెక్క) కాటన్ పేపరు, నాకు ముక్క 25 రూపాయల దాకా పడుతోంది. ముందు డబ్బు మిగులుతుందని 200 జీఎస్ఎం మామూలు పేపరు వాడా, తడి తగలగానే అప్పడంలా లేచి గుంతల్లో నీళ్ళు నిలిచి ఆకాశమంతా మచ్చలు. రంగుల్లో పొదుపు చేసినా పర్లేదు, కాగితంలో మాత్రం చెయ్యకండి.

రంగులు ఆరే: అల్ట్రామెరైన్ (ముదురు నీలం), సెరూలియన్ (ఆకాశ నీలం), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), లెమన్ యెల్లో, బర్న్ట్ సియెన్నా (ఇటుక గోధుమ), ఒక ఎరుపు. ట్యూబుల్లోంచి చిన్న డబ్బా గళ్ళలోకి పిండి రాత్రంతా ఆరబెడితే పొద్దున్నకి బిళ్ళల్లా అవుతాయి. 10 నంబరు, 6 నంబరు గుండ్రటి బ్రష్షులు, పాత లుంగీ ముక్క, స్ప్రే బాటిల్, నీళ్ళ సీసాలు రెండు. నీళ్ళు ఇంటి నుంచే. గోదారి బొమ్మకి గోదారి నీళ్ళే వాడాలని సెంటిమెంటుతో ఒకసారి మగ్గుతో ముంచుకొచ్చా, వరద టైములో, ఆరాక కాగితం మీద చెయ్యి పెడితే ఇసక గరగర. ఇంకో మాట, గొడుగు. మా అమ్మాయి గులాబీ గొడుగు పట్టుకెళ్ళా, దాని కింద కాగితం గులాబీగా కనిపిస్తుంటే తెలీకుండానే దానికి విరుగుడుగా ఆకుపచ్చ కలుపుతూ పోయినట్టున్నా, ఇంటికొచ్చి చూస్తే అవతలి కొవ్వూరు ఒడ్డు మొత్తం పాచి పట్టినట్టుంది. నల్లగొడుగు తీసుకెళ్ళండి. గొడుగు లేకుండా ఎండలో వేస్తే ఇంకో తంటా, తెల్ల కాగితం కళ్ళు జిగేల్మనేంత మెరుస్తుంది కాబట్టి సరిపోలేదనుకుని ముదురు వేసుకుంటూ పోతాం, గదిలోకి తెచ్చాక బొమ్మ మసిబారి ఉంటుంది.

ఆగస్టులో ఒక ఉపాయం దొరికింది, ఖర్చు సున్నా. తెల్ల విజిటింగ్ కార్డుకి పంచింగ్ మిషన్ తో ఒక చిల్లు పెట్టి, చెయ్యి చాపి పట్టుకుని ఒక కన్ను మూసి ఆ చిల్లులోంచి నీళ్ళు చూడాలి. అంతే. చుట్టూ ఏమీ కనపడదు కాబట్టి అది నది అన్న సంగతి బుర్ర మర్చిపోతుంది, ఒట్టి రంగు చుక్క మిగుల్తుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, కాళ్ళ దగ్గర నీళ్ళు పాలు తగ్గిన టీ, మధ్యలో పాలు ఎక్కువైన టీ, అవతలి ఒడ్డు దగ్గర దాదాపు ఆకాశమే, బూడిద తెలుపు. ఒకే నది, మూడు రంగులు. దీనికి కారణం ఉంది. దగ్గరి నీళ్ళని మనం పైనుంచి తొంగి చూస్తాం కాబట్టి లోపలి బురద కనిపిస్తుంది, దూరం నీళ్ళని పక్కవాటుగా చూస్తాం కాబట్టి అవి అద్దంలా ఆకాశాన్నే చూపిస్తాయి. నేను అప్పటిదాకా కింద నుంచి పై దాకా ఒకటే రంగు పూసేదాన్ని, అందుకే నా నది గోడలా నిలబడి ఉండేది, పడుకునేది కాదు.

వరద నీటికి నేను కలిపే రంగుల పాళ్ళు: ఓకర్ మూడొంతులు, బర్న్ట్ సియెన్నా ఒక వంతు, అల్ట్రామెరైన్ చిటికెడు. దూరం వెళ్ళేకొద్దీ నీళ్ళు ఎక్కువ కలిపి చివర్లో సెరూలియన్ కొంచెం తాకించాలి, కింది రంగు ఆరకముందే, తడి మీద తడిగానే. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వేస్తే మాత్రం మెట్ల దగ్గర కూర్చోకండి, నేను ఆ వారాలు పైన రోడ్డు మీద నుంచే వేసా.

సెప్టెంబరు అంతా బ్రిడ్జిలతో గొడవ. హేవలాక్ బ్రిడ్జి, పాతది, 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయినది, దానికి 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు. పక్కనే కొత్త ఆర్చ్ బ్రిడ్జికి 28 విల్లులు. అంటే సుమారు రెండు పాత ఖానాలకి ఒక విల్లు. ఈ లెక్క తెలిశాక నాకు పిచ్చి పట్టి 28 విల్లులూ లెక్కపెట్టి ఏ5 కాగితంలో ఇరికించా, అన్నీ ఒకే సైజులో, దోసెలు ఆరేసినట్టు వచ్చింది. కార్డు చిల్లు కాదు, ఈసారి అట్టముక్కలో కాగితం ఆకారంలోనే చిన్న కిటికీ కోసి అందులోంచి చూస్తే అసలు సంగతి తెలిసింది: దగ్గరివి మూడు విల్లులే విల్లుల్లా ఉన్నాయి, తర్వాతి నాలుగు ఒకదానిమీదొకటి ఎక్కేసాయి, ఆ తర్వాత కొవ్వూరు దాకా ఒక గీత. ఇప్పుడు మూడు వేసి గీత లాగేస్తా. లెక్కపెట్టేవాళ్ళు లెక్కపెట్టుకోనీ.

అదే నెలలో ఇంకోటి గమనించా, ఇది నాకు భలే నచ్చింది. బురద నీళ్ళ మీద బ్రిడ్జి స్తంభాల నీడ పడుతుంది, నేల మీద పడ్డట్టే, ఎండ ఎటుంటే దానికి అవతలి వైపుకి. డిసెంబరులో నీళ్ళు తేరుకున్నాక అదే చోట కూర్చుంటే ఆ నీడ దాదాపు మాయం, ప్రతిబింబం ఒక్కటే, అది ఎప్పుడూ నా వైపే తిన్నగా దిగుతుంది. నీడ వేరు, ప్రతిబింబం వేరు అని నలభయ్యేళ్ళ వయసులో తెలుసుకోవడం ఏంటో. ప్రతిబింబంలో ముదురువి కొంచెం లేతగా, లేతవి కొంచెం ముదురుగా దిగుతాయి, ఇది కూడా కార్డు చిల్లుతోనే తేలింది.

కార్తీకమాసం ఒక్క బొమ్మా లేదు. కూర్చోడానికి జానెడు మెట్టు దొరికితే కదా. ఆ ఖాళీలో ఒక రోజు ఈ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్ళా. ఈ ఊర్లో పందొమ్మిదేళ్ళుగా ఉంటూ అదే మొదటిసారి, సిగ్గుపడాల్సిందే. ఆయన 1897లో పుట్టి, బొంబాయిలో జేజే ఆర్ట్ స్కూల్లో చదివి, తిరిగి ఈ ఊరే వచ్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండకుండా పోయాడు. ఆయన వదిలి వెళ్ళిన బొమ్మలు చూసొచ్చాక నా 61 కాగితాల లెక్క ఎవరికీ చెప్పకూడదనుకున్నా, అయినా పైన చెప్పేసా.

వెలుగు సంగతి. మన ఒడ్డు తూర్పు ఒడ్డు, అంటే పొద్దున్న ఎండ మన వెనకనుంచి వస్తుంది, కొవ్వూరు వైపు అంతా చదునుగా వెలిగిపోయి లోతు కనపడదు. రంగు నేర్చుకోడానికి పొద్దున్న మంచిది. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉంటాడు, బ్రిడ్జి నల్లటి ఆకారం అయిపోతుంది, ముదురు-లేత నేర్చుకోడానికి సాయంత్రం మంచిది, కళ్ళు చికిలించి చూస్తే మూడే మూడు ముక్కలు మిగుల్తాయి: ఆకాశం-నీళ్ళు కలిపి ఒకటి, ఒడ్డు ఒకటి, బ్రిడ్జి ఒకటి. ముందు పెన్సిల్ తో అగ్గిపెట్టంత బొమ్మలో ఆ మూడు ముక్కలు గీసుకుని తర్వాతే రంగు తీస్తున్నా. ఫోన్లో 40 నిమిషాల టైమర్. అది మోగాక వెలుగు మారిపోయి ఉంటుంది, మారిన నీడలు వేయడం మొదలుపెడితే ఒకే బొమ్మలో రెండు పూటలు వస్తాయి. డిసెంబరులో సూర్యుడు బాగా ఎడమకి జరిగి దిగుతాడు, ఐదున్నరకే అయిపోతుంది, ఆఫీసు నుంచి వచ్చి పరిగెత్తినా అందలేదు, అందుకే చలికాలం సాయంత్రాలు నా దగ్గర రెండే ఉన్నాయి.

జనవరి పొగమంచులో రంగు ఆరదు. ఒకరోజు గంట ఎదురుచూసి అలాగే స్కూటీ డిక్కీలో పెట్టుకొచ్చా, ఆకాశం మొత్తం నీళ్ళలోకి జారిపోయింది. ఏప్రిల్లో దానికి రివర్స్, బ్రష్ కుడి చివరికి చేరేలోపు ఎడమ చివర ఆరి గీత పడిపోతుంది. కాగితాన్ని రెండు వైపులా ముందే తడిపి, ఆరింటికే కూర్చుంటే కొంచెం నయం.

చుట్టూ చేరేవాళ్ళ గురించి అడుగుతుంటారు, అలవాటైపోయింది. పిల్లలు "ఆంటీ నన్ను వెయ్యండి" అంటారు, పెద్దవాళ్ళు "ఫోటో తీసుకుంటే అయిపోద్ది కదమ్మా" అంటారు, ఒకావిడ మాత్రం పూలబుట్ట పక్కన పెట్టి అరగంట కూర్చుని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

పోయిన ఆదివారంది 61వది. ఎండాకాలం, బ్రిడ్జిలంక వైపు ఇసక తిన్నె బయటపడింది, గాలి లేదు, నీళ్ళు లేత ఆకుపచ్చ బూడిద. కార్డు పెట్టి చూస్తే కుడి మూలన, ఒక బెత్తెడు చోట, ఆకాశం సరిగ్గా తగిలి నిజంగానే నీలం ఉంది. సెరూలియన్ పల్చగా వేసా. పడవాయన్ని పిలిచి "ఇదిగో బాబూ, ఇక్కడుంది" అని చూపిస్తే, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "బానే ఉందండీ, మరి నా పడవ వెయ్యలేదేంటండీ" అన్నాడు. పడవ ఇంకా రాదు నాకు. ముక్కు వైపు వంపు దగ్గర ప్రతిసారీ చెప్పు అయిపోతోంది.