పొద్దున్న చూస్తే ఏమీ ఉండదు

నేను బస్సు కండక్టర్‌ని. శ్రీకాకుళం నుంచి విశాఖ రూటు. మధ్యాహ్నం ట్రిప్పు దాటితే నా మాట ముక్కులోకి పోయేది. "చిలకపాలెం దిగేవాళ్లు" అంటే తాగినోడు గొణిగినట్టు వినిపించేది. దానికి తోడు ఎడమ కంటి రెప్ప కిందికి జారేది. ఇంకేం కావాలి? "కండక్టర్ గారు అప్పుడే మొదలెట్టేసినట్టున్నారు" అని వెనక సీట్లోంచి నవ్వులు. ఒకరోజు డ్యూటీ దిగాక మిషన్‌లో ఊదించారు కూడా. సున్నా వచ్చింది. చూపులు మాత్రం మారలేదు. నేను చుక్క ముట్టనివాణ్ణి.

కళ్లజోడు మార్చారు, గొంతులో గొట్టం వేసి చూశారు, తలకి స్కాన్ తీశారు, బి12 ఇంజెక్షన్లు పొడిచారు. అన్నీ నార్మల్. ఎందుకుండవు? ఓపీ ఉండేది పొద్దున్న. రాత్రంతా పడుకుని లేచినవాడికి పది గంటలప్పుడు ఏ లోపమూ కనబడదు. నా భార్య "పొద్దుటేల ఇలాగే ఉంటారు బాబూ, పొద్దోయేసరికి..." అని ఎత్తుకుంటే, "మీరు కాదమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి" అనేవారు. నేను చెబుతుంటే అప్పటికే చీటీ రాసేస్తూ "టెన్షన్ తగ్గించుకోండి" అనేవారు. 1984లో అమెరికాలో ఒక పరిశోధన చేశారట. రోగి చెప్పడం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడ్డాడట. మా అబ్బాయి చదివి వినిపిస్తే నవ్వొచ్చింది. 18 సెకన్లలో నేను ఒక టికెట్ కొట్టి చిల్లర ఇవ్వగలను, అంతే.

ఇక ఆ రాత్రి సంగతి. దగ్గూ జ్వరమూ వస్తే దగ్గర్లోని క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు. రెండో రోజు రాత్రి మంచినీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేశాయి. పడుకుంటే ఊపిరి అందదు. లేచి కూర్చుంటే మెడ నిలబడదు, తల గుండెల మీదకి వాలిపోతోంది. నా భార్య అరచేత్తో గడ్డం పట్టుకుని కూర్చుంది. మా అబ్బాయి 108కి ఫోన్ చేశాడు. క్యాజువాలిటీలో వేలికి క్లిప్ పెట్టి, "ఆక్సిజన్ 97 ఉంది, ఏం భయం లేదు" అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్రాడు. నా కళ్లూ, కారుతున్న చొల్లూ చూసి, "ఏం తాగాడమ్మా?" అని అడిగాడు.

నాకు అన్నీ వినబడుతున్నాయి. జవాబూ తెలుసు. కానీ నాలుక కదలదు. ఈ రోగం నా నోటినే పట్టుకుంది, తన గురించి చెప్పనివ్వకుండా. "ఏటి బాబూ అలగంతావు, ఊపిరాడక చస్తంటే!" అని నా భార్య అరిచిన అరుపుకి వార్డంతా లేచింది. ఆ కుర్రాడి మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. అదే వార్డులో ఒక నర్సమ్మ వచ్చి, ఏమీ అడగకుండా మంచం తలవైపు ఎత్తి, నోట్లో చొల్లు తుడిచి, తెల్లారేదాకా పదేపదే వచ్చి చూసింది. ఆమె లేకపోతే ఏమయ్యేదో. కండరాలు అలసి ఊపిరి తగ్గే రోగాల్లో ఆ క్లిప్ అంకె చాలా ఆలస్యంగా పడుతుందని తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి కాస్త తేరుకున్నాను. మళ్లీ నార్మల్! గ్యాస్ ట్రబుల్ అని రాసి పంపేశారు. ఇంటికి పోకుండా అటునుంచటే విశాఖ వెళ్లాం.

అక్కడి న్యూరో డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి, నా భార్య వైపు కుర్చీ తిప్పుకున్నారు. ఆమె చెప్పింది: వాలే రెప్ప, ముద్దగా వచ్చే మాట, ముక్కులోంచి వచ్చిన నీళ్లు, పొద్దున్న బాగుండడం, సాయంత్రం పడిపోవడం. ఆగినప్పుడల్లా ఆయన "ఊఁ, ఇంకా?" అన్నారు తప్ప వేరే మాట లేదు. తర్వాత నన్ను స్టాపుల పేర్లు అరవమన్నారు. ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, భోగాపురం, తగరపువలస. మళ్లీ, మళ్లీ. కొన్ని సార్లయ్యాక భోగాపురం దగ్గర గొంతు ముక్కులోకి దిగిపోయింది, రెప్ప వాలింది. రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు ముక్క పెట్టించారు. లేచింది! ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చూద్దామన్నారు. ఇరవై కూడా చేరలేదు. అప్పుడు మాత్రం తొందరపడ్డారు. ఐసీయూ, దాతల రక్తం నుంచి తీసే ఇమ్యునోగ్లోబులిన్ సెలైన్లు, రక్తపరీక్ష. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బిల్లు తప్ప.

దీని పేరు మయస్థీనియా గ్రేవిస్. నరం నుంచి కండరానికి కబురు అందే చోట రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డం పడతాయి. వాడేకొద్దీ కండరం సొమ్మసిల్లుతుంది, విశ్రాంతితో తేరుకుంటుంది. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు, మొదట బాగానే మాట్లాడి, ఎక్కువసేపు మాట్లాడితే చేపలా మూగబోయే ఒక స్త్రీ గురించి రాశాడట. స్కాన్లు లేని రోజుల్లో ఆయన ఆమె సంగతి విని పట్టుకున్నాడు. నాకు తీసిన స్కాన్లలో ఇది ఎక్కడా కనబడలేదు.

ఇలాంటి లక్షణాలుంటే సాయంత్రం ఫోన్లో వీడియో తీయండి. పొద్దున్న ఓపీలో నోరు తెరవకముందే అది చూపించండి. మీ పక్కన ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకోండి. నా జేబులో ఇప్పుడొక కార్డు ఉంటుంది: రోగం పేరు, పడని మందుల పేర్లు. లెవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఈ రోగాన్ని పెంచుతాయని అమెరికాలో 2011 నుంచీ మందు కాగితం మీదే గట్టి హెచ్చరిక వేస్తున్నారు. నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. రోగం పేరే తెలియనప్పుడు ఎవరు చెబుతారులెండి.

నా భార్య అరసవల్లి మొక్కు తీర్చుకుంది. ఆరోగ్యం ఇచ్చేవాడు సూర్యుడే అని ఆవిడ నమ్మకం. పొద్దు వాలేకొద్దీ వాలిపోయేవాణ్ణి, ఆ స్వామితో వాదించే ధైర్యం నాకు లేదు. ఆవిడతో పాటే వెళ్లి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు నరం కబురు కండరానికి అందేలా చేసే పైరిడోస్టిగ్మిన్ మాత్ర వేళ తప్పకుండా వేసుకుంటున్నాను. స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బింది. ఉదయం డ్యూటీ అడిగి వేయించుకున్నాను. ఈ రోగంతో సంబంధమున్న, ఛాతీలోని థైమస్ అనే గ్రంథి తీయించుకుంటే మందులు తగ్గవచ్చని 2016లో ఒక పెద్ద ట్రయల్ తేల్చిందట. రొమ్ము ఎముక కోయాల్సి రావచ్చు అనగానే ఆలోచించుకుని చెబుతానన్నాను. నా భార్య ఆపరేషన్ తేదీ అడిగేసింది.