రెండు రోజుల్లో వచ్చినది వయసు కాదు

మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వైపు ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టిన పెద్దవాళ్ళకు కట్లు మార్చడం, యూరిన్ పైపులు మార్చడం, ఇంజెక్షన్లు చేయడం నా పని. వెళ్ళిన చోటల్లా వినిపించే మాట ఒకటుంది: "వయసైపోయింది కదా సిస్టర్, ఇక ఇంతే." అది వినగానే నేను అడిగేది ఒక్కటే. పోయిన వారం ఎలా ఉన్నారు?

జ్ఞాపకశక్తి నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే అది మతిమరుపు జబ్బు కావచ్చు. మొన్నటిదాకా పాల లెక్క తప్పకుండా చెప్పిన మనిషి ఇవాళ కొడుకును పోల్చుకోలేకపోతే దాని సంగతి వేరు. వైద్యులు దాన్ని డెలీరియం అంటారు. ఒంట్లో మరెక్కడో మొదలైన జబ్బు మెదడును కలవరపెడుతోందని దాని అర్థం.

సఫిల్‌గూడలో ఒక రిటైరైన తెలుగు టీచరమ్మగారి కాలి పుండుకు కట్టు మార్చడానికి వెళ్ళేదాన్ని. వయసు 78, షుగరు ఉంది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి ఆవిడ దుప్పటి అంచు పీకుతూ, ఎదురుగా లేని పిల్లలను వరుసలో కూర్చోమని కోప్పడుతున్నారు. కోడలు ఏడుపు ఆపుకుంటూ, "పొద్దున బాగానే ఉన్నారు, చీకటి పడేసరికి ఇలా అయిపోతున్నారు" అంది. కొడుకు అప్పటికే అమెరికాలోని తమ్ముడితో వృద్ధాశ్రమం గురించి మాట్లాడుతున్నాడు. జ్వరం లేదు కాబట్టి జబ్బేమీ లేదని వాళ్ళ నమ్మకం. పెద్దవయసులో లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్ళు కాలకపోవచ్చు. ఈ ఒక్క విషయం ఇంటింటికీ చెప్పాలనిపిస్తుంది నాకు.

ముందు షుగరు చూశాను. అది పడిపోయినా మనిషి ఇలాగే తికమకపడతారు. అది సరిగానే ఉంది. నాలుక మాత్రం ఎండిపోయి ఉంది. నీళ్ళు ఎన్ని తాగారు, మూత్రం ఎప్పుడు పోశారు, విరేచనం అయిందా, కొత్తగా ఏ మాత్ర వేశారు అని వరుసగా అడిగాను. రాత్రి హాలు దాటి బాత్‌రూముకు వెళ్ళాలంటే పడిపోతానన్న భయంతో ఆవిడ మధ్యాహ్నం తర్వాత నీళ్ళు మానేశారట. ఎవరికీ చెప్పలేదు. పైగా జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర వేస్తున్నారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ వృద్ధుల్లో తికమక తెస్తుంది, మూత్రాన్ని బిగబడుతుంది కూడా. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. రక్తంలో 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం అనే లవణం 124కు పడిపోయింది.

ఇంటికి వచ్చాక కూడా కొన్ని సాయంత్రాలు తడబడ్డారు. ఒంటి జబ్బు తగ్గినంత త్వరగా మెదడు తేరుకోదని కోడలికి ముందే చెప్పి ఉంచాను. కళ్ళద్దాలు పెట్టించి, మంచం ఎదురుగా గడియారం, క్యాలెండరు తగిలించి, పక్కన కమోడ్ కుర్చీ వేయించాం. కొన్నాళ్ళకు మనవడి నోటుపుస్తకం తీసుకుని, "మద్యాహ్నం" అని వాడు రాసిన చోట దకారానికి వత్తు పెట్టి దిద్దారు. ఆ ఇంట్లో ఆ రోజు పండగే.

ఇంతకంటే నాకు భయం కలిగించేది గోల చేయని వాళ్ళ పరిస్థితి. అన్నం ముట్టకుండా, పలకరించినా కళ్ళు తెరవకుండా రెండు రోజులుగా మగతగా పడి ఉంటే ఇంట్లోవాళ్ళు "ప్రశాంతంగా నిద్రపోతున్నారు" అనుకుంటారు. అదీ డెలీరియమే కావచ్చు. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కనుక ఎవరూ పట్టించుకోరు.

నేను వెళ్ళిన ప్రతి ఇంట్లో మందుల సంచి తెరిపిస్తాను. గుండెకు ఒక డాక్టరు, మోకాళ్ళకు ఒకరు, షుగరుకు మరొకరు. ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడుతూ ఉంటుంది. ఎప్పుడో నాలుగు రోజులకని రాసిన నిద్రమాత్ర ఏళ్ళ తరబడి సాగుతూ ఉంటుంది. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. సంచి మొత్తం, చూర్ణాలు, లేహ్యాలతో సహా, ఒక్క డాక్టరు ముందు గుమ్మరించండి. బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి చూడండి. పై సంఖ్య 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే డాక్టరుకు చెప్పండి. తెల్లవారుజామున మంచం దిగగానే పడిపోవడానికి చాలాసార్లు కారణం అదే.

పడతారని భయపడి అసలు లేవనివ్వని ఇళ్ళూ చూశాను. పడుకున్న కొద్దీ కండ కరిగిపోతుంది, నిలబడే బలం పోతుంది. పట్టుకునైనా నడిపించండి.

మాట్లాడేటప్పుడు అరవకండి. వయసుతో ముందు వినిపించకుండా పోయేవి స, ష లాంటి సన్నని ధ్వనులు. అరిస్తే గొంతు ఇంకా సన్నబడుతుంది, మాట చెదురుతుంది. టీవీ ఆపి, ముఖం వెలుతురులో ఉండేలా ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో నిదానంగా చెప్పండి. ప్రశ్న కూడా ముందు వాళ్ళనే అడగండి. "నొప్పి ఎక్కడుంది పెద్దయ్యా?" అంటే కొడుకు జవాబు చెప్పడం నేను ఒప్పుకోను. కాస్త ఆగితే ఆయనే చెబుతారు.

రాత్రంతా మేలుకుని చాకిరీ చేసే కోడళ్ళు, కూతుళ్ళకు సాయం ఎవరిని అడగాలో తోచకపోతే, వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు 14567 ఉంది. మనిషి ఉన్నట్టుండి తికమకపడితే మాత్రం 108కి చేయండి. తెల్లారేదాకా ఆగవద్దు.