నడవలేని కాలికి కరెంటు

రాజమహేంద్రవరంలో నాలాంటి షుగరు రోగులకు గోదావరి గట్టు పెద్ద ఆసరా. పొద్దున్నే పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా వెళ్లి రావడం, రెండు పూటలా షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్, రాత్రి అన్నం మానేసి పుల్కాలు. వీటితోనే నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 7 దగ్గర నిలబడి ఉండేది. నిరుడు వానాకాలంలో ఇంటి మెట్ల మీద జారిపడ్డాను. కుడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని సిమెంటు కట్టు వేసి, పాదం నేల మీద మోపవద్దని గట్టిగా చెప్పి పంపారు.

వారం తిరిగేసరికి షుగరు పరగడుపున 190, టిఫిను తిన్న రెండు గంటలకు 260. డాక్టరుగారు ఆశ్చర్యపోలేదు. దెబ్బ తగిలినప్పుడు ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి షుగరును ఎగదోస్తాయట; దానికి తోడు నడక ఆగిపోయింది. షుగరు ఇలాగే ఉంటే ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందని రాత్రిపూట ఇన్సులిన్ రాశారు. "ఇక జీవితాంతం ఇదేనా?" అని అడిగితే, "ముందు కాలు నేల మీద పెట్టండి, తర్వాత చూద్దాం" అన్నారు.

మంచం మీద ఉన్నవాడి తొడ కండలు ఎంత త్వరగా కరిగిపోతాయో చూస్తే గానీ నమ్మలేం. అందుకని ఫిజియోథెరపిస్టు అమ్మాయి కరెంటు పెట్టె పట్టుకుని ఇంటికే రావడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులకు మా వీధిలో సగం మంది 'కరెంటు పెట్టించుకున్నవాళ్లే' కాబట్టి ఆ పెట్టె నాకు కొత్త కాదనుకున్నాను. "అది నొప్పి తెలియకుండా చేసే కరెంటు, బాబాయిగారూ. ఇది కండను బిగించి వదిలే కరెంటు" అంది. గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పేస్‌మేకర్ ఉందా అని అడిగింది. దూదితో, గుండుసూదితో తొడల మీద స్పర్శ పరీక్షించింది. షుగరు వల్ల స్పర్శ పోయినచోట ప్యాడ్లు అంటిస్తే చర్మం కాలినా మనకు తెలియదు కదా.

కరెంటు పెంచుతున్నకొద్దీ మొదట తిమ్మిరి, ఆ తర్వాత నా ప్రమేయం లేకుండానే తొడ కండ రాయిలా గట్టిపడడం, కొన్ని క్షణాలకు వదిలేయడం. మా ఆవిడకు అది చూసి నవ్వు ఆగలేదు. మర్నాడు తొడలు పట్టేస్తే మాత్రం, గట్టు మీద పరుగెత్తినంత నొప్పి.

"దీనితో షుగరు కూడా కాస్త దిగవచ్చు" అని ఆ అమ్మాయి పోతూ పోతూ అన్న మాట నన్ను పట్టుకుంది. బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేను. చదివి తెలుసుకున్నదేమిటంటే, రక్తంలోని చక్కెరను కండ కణం లోపలికి చేర్చే గ్లూట్-4 అనే ప్రోటీన్లు ఇన్సులిన్ చెబితే కణం పైపొరకు వస్తాయి. కండ బిగిసినా వస్తాయి, దానికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. నాలాంటివాళ్లకు ఉండే టైప్ 2 షుగరులో పాడైనది మొదటి దారి. రెండోది చాలావరకు బాగానే ఉంటుంది. నడక మనకు మేలు చేసేది ఆ దారినే. క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతుల కాళ్ల కండలకు 20 హెర్ట్జ్ (సెకనుకు ఇరవై సార్లు తట్టే) కరెంటు ఇస్తే శరీరం చక్కెర తీసుకోవడం పెరిగింది, ఆపిన గంటన్నర దాకా ఆ పెరుగుదల నిలిచింది. 2012లో టైప్ 2 ఉన్నవారికి భోజనం తర్వాత ఇచ్చి చూసినప్పుడూ షుగరు తగ్గింది. మెల్లగా నడిచేటప్పుడు పెద్దగా పనిచేయని వేగపు కండపోగులను కూడా కరెంటు కదిలిస్తుంది. అవి చక్కెరనే ఎక్కువగా ఖర్చుచేస్తాయి.

దాంతో నోట్‌బుక్ తెరిచాను. రోజూ అవే మూడు ఇడ్లీలు, అదే పల్లీ చట్నీ. టిఫిను కాగానే రెండు తొడలకూ కరెంటు పెట్టిన రోజులు ఒక వరుసలో, పెట్టని రోజులు ఇంకో వరుసలో. గ్లూకోమీటరు సంఖ్య పదిహేను శాతం అటూ ఇటూ ఉన్నా ప్రమాణాల ప్రకారం సరైనదే, కాబట్టి ఒక్క రీడింగును పట్టుకుని సంబరపడడానికి వీల్లేదు. నెల గడిచాక రెండు వరుసల సగటు తీశాను. కరెంటు పెట్టిన రోజుల్లో రెండు గంటల షుగరు పాతిక, ముప్పై తక్కువ. పరగడుపు షుగరులో మాత్రం తేడా కనబడలేదు. దాన్ని దించింది ఇన్సులినే. డాక్టరుగారికి నోట్‌బుక్ చూపిస్తే తిరగేసి, "మంచిదే, సూది మాత్రం మానకండి" అన్నారు.

కట్టు విప్పాక అమ్మాయి టేపుతో రెండు తొడలూ కొలిచింది. కుడిది సన్నబడింది గానీ, తను అనుకున్నంత కాదట. వాకరు, చేతికర్ర, చివరకు గట్టు. నడక పెరిగేకొద్దీ ఇన్సులిన్ మోతాదు తగ్గిస్తూ వచ్చి, సంక్రాంతి తర్వాత డాక్టరుగారే ఆపేశారు. మధ్యలో 8.4 దాకా పోయిన హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 7.2. ఇందులో కరెంటు వాటా ఎంత అంటే, నడవలేని రోజుల్లో నడకకు చిన్న బదులు, అంతే. నడవగలిగినవాడు దానికోసం ఖర్చుపెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా నడక బృందంలో ప్రశ్నల వర్షం. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్నపేగు లోపలి పొరకు విద్యుత్తు ఇచ్చి 14 మందిలో 12 మందికి ఇన్సులిన్ మాన్పించారని 2024లో వచ్చిన వార్తను ఒకాయన ఫోన్లో దాచుకుని అందరికీ చూపిస్తున్నాడు. ఆ రోగులకు షుగరును తగ్గించే సెమాగ్లుటైడ్ మందు కూడా ఇచ్చారనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన స్క్రీన్ జరిపేస్తాడు! ఇంకొకాయన, పేస్‌మేకర్ ఉన్నవాడు, 'మాత్రలు లేకుండా షుగరు మాయం' అన్న ప్రకటన చూసి నడుముకు కట్టుకునే కరెంటు బెల్టు తెప్పించుకున్నాడు. పెట్టె తెరవకముందే ఆయన చేత గుండె డాక్టరుకు ఫోను చేయించాను. దగ్గరికి కూడా రానివ్వవద్దన్నారు. బెల్టు వెనక్కి పంపి నెల దాటింది. డబ్బు ఇంకా రాలేదు.