అమ్మమ్మ కాసులపేరు, నా చిలకలపూడి హారం

మా అమ్మమ్మ కాసులపేరు ఇప్పుడు మూడిళ్ళలో ఉంది. అమ్మకీ, పిన్నులిద్దరికీ పంచేటప్పుడు గొడవేమీ రాలేదు. కంసాలి ఆచారిగారు అరుగు మీద కూర్చుని తాడు విప్పి, కాసులన్నీ పళ్ళెంలో పోసి, మూడు కుప్పలు చేసి తూచారు. అంతే. ప్రతి కాసు నెత్తినా చిన్న రింగు అతికి ఉంటుంది కాబట్టి ఎవరి వాటా వాళ్ళు మళ్ళీ గుచ్చుకున్నారు. అమ్మకి వచ్చినవాటిలో కొన్నింటి మీద లక్ష్మీదేవికి బదులు జార్జి చక్రవర్తి ఉన్నాడు! అవి అసలు సావరిన్లు, 22 క్యారెట్లు, ఒక్కోటి దాదాపు 8 గ్రాములు. కాసంటే 8 గ్రాములని ఇప్పటికీ లెక్కేసేది అందుకే. లక్ష్మీదేవివి మాత్రం పల్చటి రేకు మీద అచ్చు కొట్టినవి, గట్టిగా నొక్కితే వంగిపోతాయి.

ఇప్పటి నెక్లెసుల్ని అలా పంచుకోండి చూద్దాం. గుట్టపూసల హారమే తీసుకోండి. అంచు పొడుగునా సన్న ముత్యాల గుత్తులు, మధ్యలో కెంపులు, ఉబ్బెత్తు బొమ్మలు చెక్కిన నక్షీ పని. మెడలో ఎంత బాగుంటుందో, మార్చడానికి పట్టుకెళ్తే అంత ఏడుపు. రాళ్ళ బరువు తీసేస్తారు, ముత్యాలకి చాలాచోట్ల లెక్కే కట్టరు, కొన్నప్పుడు పోసిన తరుగూ మజూరీ గోవిందా. మా వదినకి ఇదే జరిగింది, ఆ షాపు పేరెందుకులెండి. కొనేటప్పుడే గ్రాస్ వెయిట్ (రాళ్ళూ పూసలతో కలిపి), నెట్ వెయిట్ (ఒట్టి బంగారం) బిల్లులో విడివిడిగా రాయించుకోండి. హాల్‌మార్క్ పక్కన హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే ఆ నగ గుర్తింపు నంబరు కూడా చూసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వచ్చేస్తాయి.

నేనైతే పెళ్ళిళ్ళకి మా ఊరి చిలకలపూడి సరుకే వేసుకెళ్తాను. బందరు పిల్లని మరి! లోపల రాగో ఇత్తడో, పైన బంగారు పూత. లాకరు తాళం వెతుక్కునే పని లేదు, రాత్రి బస్సులో మెడ తడుముకునే టెన్షన్ లేదు. సెంటు తగలనివ్వకుండా, ఇంటికి రాగానే చెమట తుడిచి దూదిలో పెట్టి దాచితే రంగు చాన్నాళ్ళు నిలుస్తుంది.

మొన్న గుడివాడలో పెళ్ళికి వెళ్తే ఒక పెద్దావిడ నా హారం చేత్తో ఎత్తి చూసి, "ఎన్ని కాసులు పట్టిందే అమ్మాయ్?" అంది.

"పన్నెండొందలు పట్టింది పిన్నిగారూ, రూపాయలు."

ఆవిడ అటూ ఇటూ చూసి, "మా కోడలికి చెప్పకు గానీ, నాకూ ఒకటి తెచ్చిపెట్టు" అంది.