వేసవిలో మౌంట్ లెకాంట్: ట్రెయిల్ ఎలా ఉంటుంది, పైన లాడ్జ్‌లో ఎలా మసలుకోవాలి

అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ నుంచి లాంగ్ వీకెండ్ వస్తే చాలు, మనవాళ్లు స్మోకీ మౌంటెన్స్‌కి కార్లు తిప్పుతారు. గాట్లిన్‌బర్గ్‌లో దిగి, కువోహి శిఖరం మీది టవర్ ఎక్కి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఈమధ్య మౌంట్ లెకాంట్ ఎక్కాలనుకునే తెలుగు గ్రూపులూ పెరిగాయి. ఎక్కి తీరాల్సిన కొండే అది. ఎత్తు 6,593 అడుగులు. శిఖరానికి కాస్త దిగువన లెకాంట్ లాడ్జ్ ఉంది. అక్కడికి రోడ్డు లేదు, రోప్‌వే లేదు, నడిచే వెళ్లాలి. రిసార్ట్‌కి వెళ్తున్నట్టు బయల్దేరితే ఇబ్బంది పడేది మీరొక్కరే కాదు, దారిలో ఎదురయ్యే వాళ్లు, పైన పనిచేసేవాళ్లు కూడా.

పైకి ఐదు దారులున్నాయి: ఆలమ్ కేవ్, రెయిన్‌బో ఫాల్స్, బుల్‌హెడ్, ట్రిలియమ్ గ్యాప్, బులెవార్డ్. అన్నిటికంటే పొట్టిది ఆలమ్ కేవ్, ఒకవైపు సుమారు 5 మైళ్లు, 2,700 అడుగుల పైచిలుకు ఎక్కుడు. అందుకే జనమంతా అక్కడే. రెయిన్‌బో ఫాల్స్ దారి మైలున్నర ఎక్కువ, ఎక్కుడు దాదాపు 4,000 అడుగులు. దిగేటప్పుడు మోకాళ్లు బాగా నొప్పెడతాయి. బులెవార్డ్ 8 మైళ్లు. 5,046 అడుగుల ఎత్తులోని న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర మొదలవుతుంది కాబట్టి తేలికనుకుంటారు గానీ, మధ్యలో దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అలసిపోయాక మళ్లీ ఎక్కాల్సి రావడం చాలామంది ముందు లెక్కేసుకోరు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు ఆలమ్ కేవ్‌కే, అదీ వారం మధ్యలో.

వారం మధ్యలో ఎందుకంటే పార్కింగ్. 2023 మార్చి 1 నుంచి ఈ కొండలున్న నేషనల్ పార్కులో ఎక్కడైనా 15 నిమిషాలు దాటి కారు ఆపాలంటే ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. ట్యాగ్ కొన్నంత మాత్రాన చోటు దొరుకుతుందని కాదు. వేసవి శనివారాల్లో ఆలమ్ కేవ్ దగ్గర పొద్దున్నే నిండిపోతుంది. రోడ్డు పక్క గడ్డిలోకి చక్రాలు దింపి ఆపడం కుదరదు. తెల్లారేసరికి అక్కడుండాలి, లేదా గాట్లిన్‌బర్గ్ నుంచి ప్రైవేటు షటిల్ మాట్లాడుకోవాలి.

తొందరగా బయల్దేరడానికి అసలు కారణం వాన. ఈ కొండల దిగువన ఏడాదికి దాదాపు 55 అంగుళాలు కురిస్తే, పైన 85 అంగుళాలు దాటుతుంది. వేసవిలో తేమగాలి కొండవాలు వెంట పైకెక్కి చల్లబడి, మధ్యాహ్నానికల్లా మబ్బు కడుతుంది. పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశం రెండింటికి ఉరుముతుంది. ఇది అరుదుగా జరిగేది కాదు, జూన్ నుంచి ఆగస్టు దాకా మామూలే. అందుకని పన్నెండులోపు పైన ఉండేలా లెక్కేసుకోండి. పిల్లలుంటే ఎక్కేటప్పుడు మైలుకి గంట. ఏడింటికి మొదలుపెడితే సరిపోతుంది, పదింటికి మొదలుపెడితే సరిపోదు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోపు ముప్పై లెక్కపెట్టలేకపోతే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు. క్లిఫ్ టాప్స్, మర్టిల్ పాయింట్ లాంటి తెరిపి బండల మీదుంటే వెంటనే దిగి చెట్ల మధ్యకి వచ్చేయాలి. అందులోనూ ఒంటరి పెద్ద చెట్టు కింద నిలబడొద్దు.

ఆలమ్ కేవ్ దారిలో మొదటి మైలు వాగు పక్కనే, దుంగల వంతెనలు దాటుకుంటూ, దాదాపు చదునుగా సాగుతుంది. ఆర్చ్ రాక్ దగ్గర రాతి సందులోంచి మెట్లెక్కాలి. ఒక్కొక్కరే పట్టే చోటు; పైనుంచి ఎవరైనా దిగుతుంటే కింద ఆగండి. 2.3 మైళ్ల దగ్గర ఆలమ్ కేవ్ బ్లఫ్స్. పేరులో కేవ్ ఉంది గానీ గుహ కాదు, దాదాపు 80 అడుగుల ఎత్తున ముందుకి వంగిన కొండచరియ. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు ఇక్కడిదాకా వచ్చి తిరిగి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. వెళ్లిరావడం నాలుగున్నర మైళ్ల పైనవుతుంది, మంచి నడకే.

ఆ పైనుంచి దారి స్వభావం మారుతుంది. కొండ అంచున సన్నటి రాతి దారులు, పట్టుకోవడానికి గోడకి బిగించిన ఉక్కు కేబుళ్లు. ఎండగా ఉన్నప్పుడు భయమేం లేదు. ఊట నీరు ఆ రాతి మీదుగా జారుతూనే ఉంటుంది కాబట్టి, నాలుగు రోజులు వాన లేకపోయినా కొన్ని చోట్ల తడి ఆరదు. జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే. కాళ్లు అలిసిపోయి ఉంటాయి, కబుర్లలో పడతాం. మడమ ఆనించి కాదు, పాదమంతా ఆనించి దిగండి. కేబుల్ ఎప్పుడూ కొండవైపు చేత్తో పట్టుకోండి. అరిగిన వాకింగ్ షూస్ ఇక్కడ పనికిరావు, అడుగున గాడులు లోతుగా ఉన్న హైకింగ్ షూస్ కావాలి. ఎక్కేవాళ్లకి దారివ్వడం రివాజు, కానీ అంచు మీద మాత్రం సురక్షితంగా నిలబడే చోటున్న వాళ్లే ఆగాలి. ఆగినవాళ్లు కొండవైపు ఆగాలి. దయచేసి ఆ అంచుల మీద గ్రూప్ ఫొటోలు పెట్టుకోకండి. ఇరవై మంది ఒకేసారి వస్తే నాలుగైదుగురి చొప్పున విడిపోండి, ప్రతి జట్టులోనూ చివర నడిచేది అనుభవమున్న మనిషై ఉండాలి. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు. ఎక్కడ కలుసుకోవాలో కిందే అనుకోవాలి.

మలుపుల దగ్గర అడ్డదారి తొక్కడం వల్ల ఎంత నష్టమో చెప్పాలి. పదిమంది తొక్కితే గడ్డి పోతుంది, తర్వాత వానకి నీళ్లు ఆ గాడిలోంచే పారి మట్టిని కోసుకుపోతాయి, కింది దారి బురదగా మారుతుంది. ఈ ట్రెయిల్‌ని 2015, 2016లో రెండేళ్లపాటు కష్టపడి బాగుచేశారు. బురద కనిపిస్తే పక్కనుంచి పోకండి, మధ్యలోంచే నడవండి. షూస్ కడుక్కోవచ్చు.

తిండి విషయం. మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు, ఉక్కగా ఉంటే 3, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వాగునీళ్లు తాగాలంటే ఫిల్టర్ చేయాలి, లేదా ఒక నిమిషం మరిగించాలి. పులిహోర, చపాతీలు, పల్లీచిక్కీ బాగుంటాయి. కొబ్బరి చట్నీ, సాంబారు మధ్యాహ్నానికే పాడవుతాయి. ఆవకాయ డబ్బా మూత వదులైందంటే బ్యాగంతా వాసనే, ఇక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి. వాటికి 50 గజాల దూరంలో ఉండాలన్నది పార్కు నియమం. తినేటప్పుడు బ్యాగ్ బెంచీ మీద వదిలి ఫొటోలకి వెళ్లకూడదు. అరటితొక్క, నారింజతొక్క కుళ్లిపోతాయిలే అని పొదల్లోకి విసరొద్దు. ఆ వాసనకి దారి పక్కకి అలవాటుపడిన ఎలుగుబంటి చివరికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఎదురుపడితే పరిగెత్తకుండా, దాన్ని చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. దారిలో మలవిసర్జన తప్పకపోతే దారికీ నీళ్లకీ 100 అడుగుల దూరంలో 6 అంగుళాల గొయ్యి తీసి పూడ్చాలి. కుక్కల్ని ఈ దారుల్లోకి రానివ్వరు, డ్రోన్లకీ అనుమతి లేదు.

ఇక లాడ్జ్. కరెంటు లేదు, షవర్ లేదు. గదిలో కిరోసిన్ దీపం, చిన్న ప్రొపేన్ హీటర్, ముఖం కడుక్కోవడానికి బేసిన్. బరువైన సరుకు ఏడాదికోసారి, వసంతంలో హెలికాప్టర్‌లో వస్తుంది. ఆ తర్వాత సీజనంతా దుప్పట్లు, తిండి సామాను మోసేది లామాలు, ఒంటె జాతి జంతువులు. సోమ, బుధ, శుక్రవారాల్లో ట్రిలియమ్ గ్యాప్ దారిలో ఎక్కుతాయి. తిరిగి దిగేటప్పుడు చెత్త, మాసిన దుప్పట్లు మోసుకొస్తాయి. అంటే మీరు పైన వదిలిన చిప్స్ కవరు కూడా ఒక జంతువు వీపు మీద దిగాల్సిందే. మీ చెత్త మీరే కిందికి తెచ్చుకోండి. లామాలు ఎదురైతే పల్లంవైపు పక్కకి జరిగి, మాట తగ్గించి, వెంట ఉన్న మనిషి ఎలా చెబితే అలా నిలబడండి. తాకబోవడం, తినిపించబోవడం వద్దు.

రాత్రి ఉండాలంటే మరుసటి ఏడాది సీజన్‌కి ముందు అక్టోబరు నుంచే బుకింగ్ చూసుకోవాలి, పోటీ విపరీతం. సాయంత్రం ఆరింటికి భోజనం, పొద్దున ఎనిమిదింటికి టిఫిన్. రాత్రి భోజనంలో మామూలుగా పెట్టేది బీఫ్. శాకాహారులు ఆ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పాలి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వంటవాళ్లు చేయగలిగింది తక్కువ. నడిచి వచ్చి అదే రోజు దిగేవాళ్లు ఆఫీసు దగ్గర చిరుతిళ్లు కొనుక్కోవచ్చు, వరండాలో కూర్చోవచ్చు, కానీ క్యాబిన్ల మెట్లు, కుర్చీలు రాత్రి బస చేసేవాళ్లవి.

ఈ కొండ మీద ఇప్పటిదాకా ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినట్టు నమోదు కాలేదు. జులైలో కూడా రాత్రి స్వెటర్ కావాలి. చెమటకి తడిసిన కాటన్ టీషర్ట్‌తో ఆగిపోతే వణుకు పుడుతుంది, మార్చుకోవడానికి పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. సూర్యాస్తమయానికి క్లిఫ్ టాప్స్ దగ్గర, సూర్యోదయానికి మర్టిల్ పాయింట్ ఇంకాస్త దూరం. చీకట్లో వెళ్లాలి కాబట్టి తలకి కట్టుకునే లైటు ఉండాలి. క్యాబిన్ల మధ్యనుంచి పోయేటప్పుడు దాన్ని నేలవైపు వంచండి, మాటలు చెట్లు దాటాక మొదలుపెట్టండి. చెక్క గోడలు పలచన, లోపల జనం ఇంకా నిద్రలో ఉంటారు.