పెర్ల్ హార్బర్ ఆన్సర్‌కి నాకు 15కి 3 మార్కులు వచ్చిన కథ

సివిల్స్ మెయిన్స్ జీఎస్-1లో (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) వరల్డ్ హిస్టరీ అంటే మొదట్లో నాకు టెన్షనే ఉండేది కాదు. కథలే కదా, చదివితే గుర్తుంటాయిలే అనుకునేవాడిని. ఆ ధీమా ఒక్క టెస్ట్ పేపర్‌తో దిగిపోయింది. ప్రశ్న ఇది: "పెర్ల్ హార్బర్ దాడి జపాన్‌కు విజయమా, వైఫల్యమా? చర్చించండి." రెండో ప్రపంచ యుద్ధంలో, హవాయి దీవుల్లోని అమెరికా నౌకాదళ రేవు మీద జపాన్ చేసిన దాడి అది. చూడగానే పండగ అనుకున్నాను. 1941 డిసెంబర్ 7, ఆదివారం ఉదయం 7.55, 6 విమాన వాహక నౌకలు, 353 విమానాలు, 2,403 మంది అమెరికన్ల మృతి... తెలిసిన అంకెలన్నీ కుమ్మరించాను. వచ్చింది 3. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో మూడుచోట్ల ఒకటే మాట: "ఎందుకు?"

రెండు రోజులు ఒళ్లు మండింది. మూడోరోజు చిక్కడపల్లి లైబ్రరీలో ఆ పేపర్ ముందేసుకుని కూర్చున్నాను.

జపాన్ అసలు అంత పెద్ద దేశం జోలికి ఎందుకెళ్లింది? నేను "సామ్రాజ్యవాద కాంక్ష" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అసలు సంగతి చమురు. 1937 నుంచి చైనాతో యుద్ధంలో కూరుకుపోయిన జపాన్, తనకు కావాల్సిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే కొనేది. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకి (ఇప్పటి వియత్నాం వైపు) సైన్యాన్ని దింపగానే అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టుకల్లా చమురు ఆపేసింది. ఇక జపాన్ ముందున్నవి రెండే దారులు: చైనా నుంచి వెనక్కి రావడం, లేదా డచ్ ఈస్టిండీస్‌లోని (ఇప్పటి ఇండోనేషియా) చమురు బావులను లాక్కోవడం. రెండోదానికి వెళ్తే దారిలో అమెరికా చేతిలోని ఫిలిప్పీన్స్ ఉంది. హవాయిలోని అమెరికా నౌకాదళం వచ్చి అడ్డుపడకుండా కొన్ని నెలలు దాన్ని కదలనివ్వకూడదు. జపాన్ నౌకాదళాధిపతి యమమోటో పథకం సారాంశం ఇంతే. ఈ గొలుసు పట్టుబడ్డాక తేదీలు బట్టీ కొట్టాల్సిన పని లేకుండా పోయింది.

పెర్ల్ హార్బర్ రేవు లోతు సుమారు 12 మీటర్లే. మామూలు టార్పెడో (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) విమానం నుంచి పడితే నేరుగా బురదలో దిగబడుతుంది. జపాన్ వాళ్లు వాటికి చెక్క రెక్కలు బిగించి ఆ చిక్కు విప్పారు. 15 మార్కుల ఆన్సర్‌లో దీనికి చోటు లేదు, కానీ నాకు ఈ అధ్యాయం గుర్తుండిపోయింది దీనివల్లే.

మరి వైఫల్యం ఎందుకంటాం? రేవులో ఉన్న 8 యుద్ధనౌకలూ దెబ్బతిన్నాయి, 4 మునిగాయి. అయితే మళ్లీ పనికిరాకుండా పోయినవి అరిజోనా, ఒక్లహోమా రెండే. అమెరికా విమాన వాహక నౌకలు ఆ రోజు రేవులో లేవు. చమురు ట్యాంకులు, మరమ్మతు యార్డులు, జలాంతర్గాముల స్థావరం జోలికి జపాన్ పోలేదు. ఆరు నెలలు తిరక్కుండానే పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర అమెరికాతో జరిగిన పోరులో, పెర్ల్ హార్బర్ దాడికి వచ్చిన 6 జపాన్ వాహక నౌకల్లో 4 మునిగిపోయాయి.

పర్యవసానాలను నేను "అమెరికా యుద్ధంలోకి దిగింది" అనే వాక్యంతో ముగించాను. యుద్ధానికి దూరంగా ఉండాలన్న అమెరికాలో, మర్నాడు ప్రతినిధుల సభలో యుద్ధానికి వ్యతిరేకంగా పడ్డ ఓటు ఒక్కటే, జానెట్ ర్యాంకిన్‌ది. సొంత గడ్డ మీద సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లను శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. క్షమాపణకు 1988 దాకా పట్టింది. ఎథిక్స్ పేపర్‌కీ పనికొచ్చే ఉదాహరణ ఇది.

మన దేశం లింకు నాకు రూమ్మేట్ వల్ల దొరికింది. వాడిది విశాఖ. "మా తాతయ్య వాళ్లు బాంబులకు భయపడి ఊరొదిలి వెళ్లిపోయార్రా" అన్నాడు. పుస్తకం తెరిస్తే నిజమే, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అంతకుముందే బ్రిటిష్ వాళ్ల చేతిలోంచి ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్ జపాన్‌కు పోయాయి. ఆ భయంలోనే బ్రిటిష్ ప్రభుత్వ దూతగా క్రిప్స్ ఢిల్లీకి వచ్చాడు, ఆగస్టులో క్విట్ ఇండియా. జీఎస్-1లో మోడర్న్ హిస్టరీ, వరల్డ్ హిస్టరీ నాకు అక్కడ కలిశాయి. ఒక్క జాగ్రత్త: పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లిన జపాన్ అడ్మిరల్ నగుమో దళం ఏప్రిల్ 5న కొట్టింది కొలంబోని. విశాఖ మీదికి వచ్చింది మరో అడ్మిరల్ ఒజావా దళం. నా నోట్స్‌లో రెండూ కలిపేసి రాసుకున్నాను, తర్వాత కొట్టేశాను.

తేదీ దగ్గర కూడా ఒకసారి బోల్తా పడ్డాను. మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) మీద జపాన్ దాడి డిసెంబర్ 8న అని చదివి, అది పెర్ల్ హార్బర్ మర్నాడు జరిగిందని రాసేశాను. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉందని, దానికి ఇటువైపున్న మలయాలో తేదీ హవాయి కంటే ఒకరోజు ముందుంటుందని తట్టలేదు. నిజానికి మలయాలో కోట బారు తీరాన జపాన్ సైన్యం దిగడం మొదలైంది, పెర్ల్ హార్బర్‌లో మొదటి బాంబు పడటానికి సుమారు గంట ముందు.