డిస్క్ నిండిపోయిన రాత్రి

మొన్న రాత్రి పదకొండింటికి సర్వర్‌లో డిస్క్ నిండిందని మెసేజ్. ఇలాంటప్పుడు ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది, అందుకే నేను ఏది ఎంత చోటు తింటోందో చెప్పే డియు (du) కమాండ్‌కి ఎస్ (ఒక్కోదానికి మొత్తం), హెచ్ (కేబీ, జీబీల్లో చూపు) ఆప్షన్లిచ్చి, పక్కన స్టార్ (ఇక్కడున్నవన్నీ అని) పెట్టి, వచ్చిందంతా పైప్‌తో, అంటే ఒక కమాండ్ ఇచ్చిందాన్ని ఇంకో కమాండ్‌కి అందించే | గుర్తుతో, వరసలో పేర్చే సార్ట్‌కి పంపేస్తాను. పెద్దవి అడుగున తేలతాయి. సార్ట్‌కి కూడా హెచ్ ఇవ్వాలండోయ్, ఎన్ ఇస్తే అది అంకె మాత్రమే చూసి 900 కేబీని 2 జీబీ కన్నా పెద్దదంటుంది. నేనొకసారి అలాగే బోల్తా పడ్డాను. ఇంకోటి, చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు స్టార్‌కి చిక్కవు, క్యాష్ (ప్రోగ్రాములు తాత్కాలికంగా దాచుకునే డేటా) అంతా తరచూ అక్కడే దాక్కుంటుంది.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి 1973లో వచ్చిన ఈ పైప్ లేకపోతే నాకసలు పని జరగదు. సర్వర్ తనలో జరిగేవి రాసుకునే లాగ్‌లో ఏ ఐపీ (కంప్యూటర్ అడ్రస్) ఎక్కువసార్లు వచ్చిందో కావాలంటే ఆ కాలమ్ తీసి సార్ట్, ఒకేలా ఉన్న లైన్లని కలిపి లెక్కపెట్టే యూనిక్ (uniq) సి, పెద్ద అంకె పైకొచ్చేలా మళ్లీ సార్ట్ ఆర్‌ఎన్. మొదటి సార్ట్ ఎగ్గొడితే లెక్క తప్పు, యూనిక్ పక్కపక్క లైన్లనే కలుపుతుంది.

ఆ రాత్రి మాత్రం డియు ఏమీ పట్టలేదు, డిస్క్ మొత్తం ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ (df) చూస్తే నూరు శాతం! ఎవరో డిలీట్ చేసిన లాగ్ ఫైల్‌ని ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకా పట్టుకునే ఉంది, అందుకే ఆ చోటు ఖాళీ కాలేదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్ (lsof) కమాండ్‌కి, డిలీట్ అయినవే చూపమని ప్లస్ ఎల్ 1 (+L1) ఇస్తే దొరికింది, సర్వీస్ రీస్టార్ట్ చేసి పడుకున్నాను.